రబ్బరు డాండిలయన్ పువ్వు ఎలా పనిచేస్తుందో కోరాపుట్ మొక్కల మీద నేర్చుకోవడం ఎలా

రబ్బరు ఇచ్చే డాండిలయన్ (పసుపు పూల చిన్న మొక్క) గురించి విన్నవాళ్లకు గుర్తుండేది దాని వేరు. ఎండిన వేరును విరిస్తే రెండు ముక్కల మధ్య సన్నటి రబ్బరు దారాలు సాగుతాయి. నెట్‌లో తిరిగే ఫొటోలన్నీ అవే. ఈ మొక్క మీద ఆసక్తి ఉన్న ఎవరికైనా నేను మాత్రం ముందు పువ్వు చూడమనే చెబుతాను. రబ్బరు ఎక్కువున్న మొక్క ఒకటి దొరికినంత మాత్రాన పని అయిపోదు. ఆ గుణం దాని పిల్లలకు దిగాలి. దిగుతుందా, చెదిరిపోతుందా అన్నది పువ్వులోనే తేలుతుంది.

ఒడిశాలో జయపురం, కోరాపుట్, సునాబెడ, సెమిలిగుడ, రాయగడ వైపు తెలుగు ఇళ్లలో డిగ్రీ బోటనీ చదివే పిల్లలు, బళ్లలో జీవశాస్త్రం చెప్పే టీచర్లు చాలామందే ఉన్నారు. ఇది వాళ్ల కోసం రాస్తున్నాను. ఖర్చు పెద్దగా ఉండదు కానీ ఒక చలికాలమంతా ఓపిక పట్టాలి.

ముందు ఆ మొక్క సంగతి

దాని శాస్త్రీయ నామం టరాక్సకమ్ కోక్‌సాగిజ్. 1931లో సోవియట్ అన్వేషకులు కజఖ్‌స్తాన్‌లో, తియాన్‌షాన్ కొండల మధ్య లోయల్లో దీన్ని గుర్తించారు. 1933లో రోడిన్ అనే వృక్షశాస్త్రవేత్త దీన్ని వర్ణించి పేరు పెట్టాడు. రెండో ప్రపంచ యుద్ధంలో ఆగ్నేయాసియా రబ్బరు తోటలు జపాన్ చేతికి చిక్కాక అమెరికా కూడా దీన్ని వేసి చూసింది. యుద్ధం అయిపోయి చెట్టు రబ్బరు మళ్లీ మార్కెట్లోకి వచ్చేసరికి దీన్ని పక్కన పెట్టేశారు. ఇప్పుడు మళ్లీ కదలిక వచ్చింది. 2019లో కాంటినెంటల్ కంపెనీ ఈ రబ్బరుతో సైకిల్ టైరు అమ్మకానికి తెచ్చింది.

మనకు కావలసిన అసలు విషయం ఇది. ఈ మొక్క కణంలో 16 క్రోమోజోములు, అంటే ద్వయస్థితికం (క్రోమోజోములు రెండు సెట్లు). గింజ కట్టాలంటే వేరే మొక్క నుంచి పుప్పొడి రావాలి, తన పుప్పొడిని తాను ఒప్పుకోదు. చల్లటి దేశాల పచ్చికల్లో కనిపించే మామూలు డాండిలయన్ ఎక్కువగా త్రయస్థితికం (మూడు సెట్లు), 24 క్రోమోజోములు. దానికి పుప్పొడితో పనే లేదు. ఫలదీకరణ జరగకుండానే తల్లికి అచ్చు నకళ్లయిన గింజలు కడుతుంది. దీన్నే పుస్తకాల్లో అసంయోగజననం అంటారు. ఈ రెండూ చాలక టరాక్సకమ్ బ్రెవికార్నిక్యులేటమ్ అనే మూడోది ఉంది. అది చూడ్డానికి కోక్‌సాగిజ్‌లాగే ఉంటుంది కానీ త్రయస్థితికం, రబ్బరు తక్కువ. పరిశోధన ల్యాబుల్లో కూడా ఈ రెండూ కలిసిపోయి, ఒకదాని పేరు మీద ఇంకోదాన్ని పెంచిన సందర్భాలున్నాయి.

అందుకే గింజలు ఆన్‌లైన్‌లో తెప్పించుకోవద్దు. ఆ పేరుతో అమ్మే గింజ నిజంగా అదే అని నమ్మకం ఉండదు. పైగా విదేశీ విత్తనం తేవాలంటే 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఆర్డర్ ప్రకారం దిగుమతి పర్మిట్, ఫైటోశానిటరీ సర్టిఫికెట్ (తెగులు లేదన్న ధ్రువపత్రం) ఉండాలి. ఇవి లేకుండా కవర్లో పెట్టి పోస్టులో తెప్పించడం చట్టానికీ విరుద్ధం, మన పొలాలకూ మంచిది కాదు. దాని పువ్వు చేసే పనులన్నీ ఇక్కడి మొక్కల్లో చూడొచ్చు.

ఏ మొక్కలు ఎంచుకోవాలి

మూడు మొక్కలు చాలు. మొదటిది సోంకస్. కాలువ గట్ల మీద, కాబేజీ మళ్ల అంచుల్లో చలికాలం మొలిచే కలుపు మొక్క. ఆకు అంచులు కోసుకుపోయినట్టుంటాయి, పువ్వు పసుపు, కాడ విరిస్తే పాలు కారతాయి. ఇది డాండిలయన్ తెగదే. పువ్వులో ఒక్కో రేకలా కనిపించేది ఒక్కో పూర్తి చిరుపువ్వు, ఆ రేక చివర అయిదు పళ్లుంటాయి. పాలు కారడం, అన్నీ నాలుకలాంటి చిరుపువ్వులే కావడం, గింజకు తెల్లటి కేశగుచ్ఛం (వెంట్రుకల కుచ్చు) ఉండడం, ఈ మూడూ కలిసి కనిపిస్తే మీరు సరైన మొక్క దగ్గరే ఉన్నారు.

రెండోది వలిసె. పొట్టంగి, సెమిలిగుడ కొండవాలుల్లో అక్టోబరు, నవంబరులో పసుపు పరిచేది ఇదే. సంతలో అలసి అని అడిగితే గింజలు ఇస్తారు. దీనికి పాలు ఉండవు, గింజకు కేశగుచ్ఛమూ ఉండదు. కానీ కోక్‌సాగిజ్‌తో కలిసే ముఖ్యమైన గుణం ఒకటుంది. ఇది కూడా తన పుప్పొడిని తాను ఒప్పుకోదు. నిజంగా ఈ మొత్తం పనిలో నాకు అన్నిటికంటే విలువైనదిగా అనిపించేది వలిసె చేనే. ఇంత మంచి ప్రయోగశాల మన ఇళ్ల పక్కనే ఉంది.

మూడోది గడ్డి చేమంతి. దెబ్బ తగిలితే ఆకు నలిపి పసరు పిండేది. ఏడాది పొడుగునా పూస్తుంది కాబట్టి చేతి అలవాటు కోసం దీన్ని వాడుకోండి.

సామాన్లు: పదిరెట్ల భూతద్దం, కొత్త బ్లేడు, రెండు సూదులు, సన్నటి పట్టకారు, మల్లు గుడ్డతో కుట్టిన చిన్న సంచులు, దారం, అట్టముక్కల చీటీలు, పెన్సిల్. చీటీ మీద పెన్నుతో రాయకండి, ఒక్క మంచు రాత్రికి సిరా కారిపోతుంది. ప్లాస్టిక్ కవర్లు అసలు వద్దు, లోపల చెమర్చి పువ్వు కుళ్లిపోతుంది.

మొదట మొగ్గను చీల్చి చూడండి

సోంకస్ మొగ్గలు వయసు వారీగా నాలుగైదు కోయండి. బాగా చిన్నది, కాస్త ఉబ్బింది, పైన పసుపు తొంగిచూస్తున్నది, విచ్చుకున్నది, విచ్చుకుని మళ్లీ మూసుకున్నది. ఒక్కోదాన్ని కాడ నుంచి కొన దాకా నిలువునా రెండు చెక్కలు చేయండి. కోయగానే పాలు ఊరి అంతా కమ్మేస్తాయి. కంగారుపడి తుడిచేయకండి, చిరుపువ్వులు నలిగిపోతాయి. తడి దూది అంచుతో అద్ది, ఒక్క నిమిషం ఆగి అప్పుడు భూతద్దం పెట్టండి.

అడుగున చదునైన పీఠం ఉంటుంది. దాని మీద చిరుపువ్వులు వరసలుగా కూర్చుని ఉంటాయి. అంచున ఉన్నవి పొడవుగా, నడిమధ్యవి పొట్టిగా కనిపిస్తాయి. చిరుపువ్వులు పీఠం అంచు నుంచి మధ్యకు పుట్టుకొస్తాయి కాబట్టి ఒకే మొగ్గలో రకరకాల వయసులు దొరుకుతాయి. బయటి వరసలో ముదిరిన చిరుపువ్వు, మధ్యలో లేతది. విచ్చుకోవడం కూడా ఇదే వరసలో సాగుతుంది.

ఇప్పుడు బయటి వరస నుంచి ఒక చిరుపువ్వును పట్టకారుతో ఊడబెరికి నల్ల కాగితం మీద పెట్టండి. అడుగున చిన్న అండాశయం, అందులో ఒకే ఒక్క అండం. అంటే ఒక్కో చిరుపువ్వు ఇచ్చేది ఒక్క గింజే. అండాశయం పైన తెల్లటి వెంట్రుకల చుట్టు, అదే ముందు ముందు గింజను ఎగరేసే కేశగుచ్ఛం. దాని లోపల రేకుల గొట్టం. గొట్టం లోపల అయిదు పరాగకోశాలు (పుప్పొడి తిత్తులు) పక్కపక్కన అతుక్కుని ఇంకో సన్నటి గొట్టంగా మారి ఉంటాయి. ఈ గుంపు చిరుపువ్వుల్లో రేకుల ఆనవాలు ముందు కనిపిస్తుంది, తర్వాత కేసరాలు, కేశగుచ్ఛం మాత్రం ఆలస్యంగా పెరుగుతుంది. చాలా లేత మొగ్గను స్కూలు మైక్రోస్కోపు కింద పెడితే వెంట్రుకలు ఇంకా పొట్టి మొటిమల్లా ఉండడం తెలుస్తుంది.

డాండిలయన్‌లో కూడా ఇదే నిర్మాణం. తేడా ఎక్కడంటే దానికి కొమ్మలు లేని బోలు కాడ మీద ఒక్కటే పువ్వు. కోక్‌సాగిజ్‌కు పువ్వు కింది పచ్చటి పుచ్ఛాల కొనల దగ్గర చిన్న కొమ్ముల్లాంటివి ఉంటాయి, గుర్తుపట్టడానికి అది ఒక ఆనవాలు.

పుప్పొడి బయటికి ఎలా వస్తుందో పొద్దున్నే చూడండి

దీనికి మంచు ఆరే వేళకే చేను దగ్గర ఉండాలి. ఈ జాతుల్లో పుప్పొడి నేరుగా బయట రాలదు. పరాగకోశాలు గొట్టం లోపలి వైపుకు పగిలి, పుప్పొడి అందులోనే పోగవుతుంది. అప్పుడు కింది నుంచి కీలం (అండాశయం మీది సన్నటి కాడ) పొడవు సాగుతూ సైకిల్ పంపు రాడ్డులా ఆ గొట్టంలోంచి పైకి వస్తుంది. కీలం ఒంటి మీద ఉన్న పొట్టి వెంట్రుకలు పుప్పొడిని ఊడ్చుకుని పైకి మోసుకొస్తాయి. ఆ సమయంలో కీలం కొన మూసుకునే ఉంటుంది. పుప్పొడి అంటుకున్నది దాని బయటి వైపున. పుప్పొడిని పట్టుకునే ముఖం లోపలి వైపున ఉంటుంది. ఇంకాసేపటికి కొన రెండుగా చీలి వెనక్కి వంగుతుంది, అప్పుడే లోపలి ముఖం బయటపడుతుంది.

ఒక చిరుపువ్వును ఎంచుకుని ఫోన్ కెమెరాకు భూతద్దం ఆనించి పావుగంటకోసారి ఫొటో తీయండి. చీలిన కీలం కొన, అంటే కీలాగ్రం, వంగి వంగి, చివరికి చుట్ట చుట్టుకుంటుంది. అలా చుట్టుకున్నప్పుడు దాని లోపలి ముఖం తన ఒంటికే అంటుకున్న పుప్పొడిని తాకే వీలుంది. సోంకస్ అలా తన పుప్పొడితోనే గింజ కట్టుకోగలదు. కోక్‌సాగిజ్‌లో, వలిసెలో పుప్పొడి తాకినా పని జరగదు. పుప్పొడి గింజ పై పొరలో అది పుట్టిన మొక్క తాలూకు గుర్తు ఉంటుంది. కీలాగ్రం ఆ గుర్తును పోల్చుకుని, తన మొక్కదే అయితే మొలవనివ్వదు. ఈ మొక్కల ప్రవర్తనంతా ఈ ఒక్క మాట మీదే నడుస్తుంది, కాబట్టి దీన్ని చదివి వదిలేయకుండా చేసి చూడాలి.

సంచులు కట్టే పరీక్ష: వలిసె చేనులో

చేను గలవాళ్లను ముందుగా అడగండి. అక్కడి భాష దేశియాలో నాలుగు మాటలు రాకపోయినా, ఆ ఊళ్లో తెలుగు తెలిసినవాళ్లు ఎవరో ఒకరు దొరుకుతారు. కొన్ని పూలకే సంచులు కడతామని, మొక్కలు తొక్కమని చెబితే కాదనేవాళ్లు అరుదు. ఊరికే చొరబడితే మాత్రం తర్వాత వచ్చే విద్యార్థికి కూడా తలుపు మూసినట్టే.

ఒక మొక్క మీద ఇంకా విచ్చుకోని మొగ్గలు నాలుగు రకాలుగా పంచుకోండి. మొదటి రకానికి సంచి వద్దు, తేనెటీగలకు వదిలేయండి, చీటీ మాత్రం కట్టండి. రెండో రకానికి సంచి కట్టి ముట్టుకోకుండా ఉంచండి. మూడో రకానికి సంచి కట్టి, విచ్చుకున్నాక అదే మొక్క మీది ఇంకో సంచి పువ్వు పుప్పొడిని రుద్దండి. నాలుగో రకానికి సంచి కట్టి, దూరంగా ఉన్న వేరే మొక్క మీది సంచి పువ్వుతో రుద్దండి. ఒక్కో రకానికి కనీసం అయిదు పూలు, మొత్తం మూడు నాలుగు మొక్కల మీద చేయండి. ఒకే మొక్క మీద చేసి ఫలితం రాసేస్తే అది ఆ మొక్క సంగతి అవుతుందేగానీ వలిసె సంగతి కాదు.

సంచి కట్టేటప్పుడు చూసుకోవలసింది మొగ్గ వయసు. పసుపు రేక ఒక్కటి విచ్చుకున్నా ఆలస్యమైనట్టే, వలిసె పొలంలో తేనెటీగ ఆ ఒక్కదాన్నీ వదలదు. కాడకు ఒక వెదురు పుల్ల ఆసరా కట్టకపోతే తడిసిన సంచి బరువుకు కాడ విరుగుతుంది. సంచి మూతి దగ్గర కాస్త దూది చుడితే చీమలు దూరవు.

రుద్దడం కష్టమేమీ కాదు. రెండు పూలను ముఖాముఖి పెట్టి మెల్లగా తిప్పాలి, అంతే. కానీ ఒక్క రోజుతో ఆపకండి. వలిసె పువ్వులో అంచున ఎనిమిది దాకా రేకలుంటే, మధ్యలో 40 నుంచి 60 దాకా చిరుపువ్వులుంటాయి. అవి అంచు నుంచి మధ్యకు రోజుకు కొన్ని చొప్పున విచ్చుకుంటాయి. వారం పాటు రోజు మార్చి రోజైనా వెళ్లి రుద్దాలి. ఒక్కసారే రుద్ది వచ్చేస్తే ఆ రోజు సిద్ధంగా ఉన్న వరసకే గింజ పడుతుంది, లెక్క మొత్తం తప్పుతుంది. ఒక పువ్వు నుంచి ఇంకోదానికి వెళ్లే ముందు వేళ్లు తడిగుడ్డతో తుడుచుకోండి.

గింజ నల్లబడి ఎండే దాకా నెల పైనే పడుతుంది. సంచి అలాగే ఉంచండి, లేకపోతే పిచ్చుకలు ముందే తినేస్తాయి. కోసాక ఒక్కో పువ్వును విడిగా తెల్ల కాగితం మీద విదిలించి, నిండు గింజలు, తాలు గింజలు వేరు చేసి లెక్కపెట్టండి. నిండుది నల్లగా నిగనిగలాడుతూ గోటికి గట్టిగా తగులుతుంది, తాలుది పాలిపోయి నొక్కితే వంగుతుంది. తాలు గింజలు కూడా లెక్కలోకి వస్తాయి, వాటిని పారేయకండి. నిండు గింజలను మొత్తంతో భాగిస్తేనే గింజ కట్టిన శాతం తెలుస్తుంది.

రెండు, మూడు రకాల్లో పూర్తిగా సున్నా రాకపోవచ్చు, ఒకటో రెండో గింజలు పడతాయి. ఈ అడ్డు గోడలాంటిది కాదు, అక్కడక్కడా సడలుతుంది. ఇంకో సంగతి. నాలుగో రకంలో ఏదో ఒక జంటకు గింజలు పడకపోతే పరీక్ష పాడైందనుకోకండి. ఆ రెండు మొక్కలు వేరైనా గుర్తు ఒకటే కావచ్చు, దగ్గరి చుట్టాలయితే అది మామూలే. వేరే జంటతో కలిపి చూడండి. రబ్బరు డాండిలయన్ మీద పనిచేసేవాళ్లకు ఇదే పెద్ద తలనొప్పి. నాలుగైదు మంచి మొక్కలనే ఎంచుకుని వాటి మధ్యే గింజలు తీస్తూ పోతే, తరం తరానికీ గుర్తులు తగ్గిపోయి, జతలు కుదరక గింజ పడడమే తగ్గుతుంది. అందుకే విత్తనం పెంచేటప్పుడు ఎక్కువ మొక్కలను కలిపి పూయనివ్వాలి. అలా చేస్తే రబ్బరు గుణం ఒక్కో మొక్కలో ఒక్కో తీరుగా వస్తుంది. ఈ రెంటి మధ్య నలిగే పనే ఆ పంట అభివృద్ధి.

మొగ్గ కొన కోసే పరీక్ష: సోంకస్ మీద

1903లో రౌంకియర్ అనే డెన్మార్క్ శాస్త్రవేత్త డాండిలయన్ మొగ్గల పై భాగం కోసేసి, పరాగకోశాలూ కీలాగ్రాలూ లేకుండా చేసి చూశాడు. అయినా గింజలు కట్టాయి. ఫలదీకరణ లేకుండా గింజ పుడుతుందని ఆ ఒక్క బ్లేడు కోతతో తేలిపోయింది. ఇంత తక్కువ సామానుతో ఇంత పెద్ద ప్రశ్నకు జవాబు రాబట్టిన ప్రయోగం మీ చేతులతో మీరు చేయాలని నా కోరిక.

సోంకస్ మొగ్గ ఇంకొక రోజులో విచ్చుకుంటుందనగా పని మొదలుపెట్టండి. ముందు అదే సైజు మొగ్గ ఇంకోటి నిలువునా చీల్చి, పరాగకోశాల గొట్టం ఎంత ఎత్తులో మొదలవుతుందో చూడండి. కోత దాని కిందుగా, అండాశయాలకు పైగా పడాలి. మధ్యలో ఉన్న చోటు చాలా తక్కువ, కాబట్టి ముందు అయిదారు మొగ్గల మీద చేయి తిప్పుకోండి. మొగ్గను రెండు వేళ్ల మధ్య వదులుగా పట్టి, బ్లేడును ఒక్క ఊపులో అడ్డంగా లాగండి. పాలు ఊరితే దూదితో అద్ది, సంచి కట్టేయండి. పక్కనే కోయని మొగ్గకు కూడా సంచి కట్టండి.

రెండు వారాల్లోపే జవాబు వస్తుంది. కోయని సంచి పువ్వులో గింజలు నిండుగా ఉండాలి, సోంకస్ తనకు తానే కట్టుకుంటుంది కాబట్టి. కోసిన దాంట్లో తాలే ఉండాలి. కోసిన దాంట్లో కూడా గింజలు కనిపిస్తే కోత పైకి పడిందేమో, లేక కోసే ముందే పుప్పొడి పడిపోయిందేమో చూసుకుని, ఇంకా లేత మొగ్గ మీద మళ్లీ చేయండి.

ఇప్పుడు దీన్ని రబ్బరు డాండిలయన్‌కు అన్వయించండి. కోక్‌సాగిజ్ అని చెప్పి ఇచ్చిన మొక్క మొగ్గ కొన కోసినా నిండు గింజలు కట్టిందంటే అది కోక్‌సాగిజ్ కాదు, పుప్పొడి అక్కర్లేని త్రయస్థితికం. పుప్పొడి చూసినా అనుమానం వస్తుంది. స్లయిడు మీద ఎసిటోకార్మిన్ అనే ఎర్ర రంగు చుక్కలో వేస్తే ద్వయస్థితిక మొక్క పుప్పొడి గింజలన్నీ దాదాపు ఒకే సైజులో ఉంటాయి, త్రయస్థితిక మొక్కవి చిన్నా పెద్దా కలిసి ఉంటాయి. సోంకస్ పుప్పొడితో ఈ స్లయిడు చేసి అలవాటు చేసుకోండి. గట్లు గట్లుగా ముళ్లతో ఉండే ఆ గింజ చూడ్డానికే ఎంతో అందంగా ఉంటుంది.

పుప్పొడి లేకుండా గింజ కట్టే ఈ గుణాన్ని శాస్త్రవేత్తలు ఇప్పుడు మంచికి వాడుకోవాలని చూస్తున్నారు. 2022లో మామూలు డాండిలయన్‌లో అండాన్ని ఫలదీకరణ లేకుండానే పిండంగా మార్చే జన్యువును గుర్తించారు. దాన్ని అదే తెగకు చెందిన లెట్యూస్‌లో పనిచేయించి కూడా చూశారు. మంచి హైబ్రిడ్ మొక్క గుణాలను గింజల్లో చెదరకుండా నిలపగలిగితే ఏ పంటకైనా మేలే. రబ్బరు డాండిలయన్‌కు మరీనూ.

గింజను పట్టుకోవడం, మొలిపించడం

కేశగుచ్ఛం ఉన్న మొక్కలతో ఒక ఇబ్బంది ఉంది. డాండిలయన్ పువ్వు పూత అయ్యాక మూసుకుపోతుంది, లోపల గింజ ముదురుతుంది, రెండు వారాల లోపు మళ్లీ విచ్చుకుని తెల్లటి బంతి అవుతుంది. సోంకస్ కూడా దాదాపు ఇంతే. ఆ బంతి విచ్చిన పూట గాలి వీస్తే మీ లెక్క మొత్తం పక్క పొలంలో ఉంటుంది. మూసుకున్న పువ్వు కొనలో తెల్లటి కుచ్చు తొంగిచూడగానే సంచి గట్టిగా ఉందో లేదో చూసుకోండి. ఆ తెల్లదనం మురికిగా మారి, పువ్వు అడుగు ఎండినట్టు కనిపిస్తే సంచితో సహా కోసేయండి.

కేశగుచ్ఛాన్ని వేళ్ల మధ్య నలిపి తీసేసి, గింజలను నీడన ఆరబెట్టండి. కోక్‌సాగిజ్ గింజలు వెయ్యి కలిపినా ఒక గ్రాము తూగవు, సోంకస్‌వీ అంతే సన్నం, కాబట్టి ఫ్యాన్ కట్టేసి పని చేయండి. తడిపిన బ్లాటింగ్ పేపరు మీద 50 గింజలు పరిచి, మూత పెట్టి, రోజూ మొలకలు లెక్క రాయండి. కోక్‌సాగిజ్ గింజల్లో కొన్నిటికి నిద్ర ఉంటుంది, తడిపి కొన్నాళ్లు చల్లగా ఉంచితే మొలక మెరుగవుతుంది. అదే తేడా సోంకస్‌లో కనిపిస్తుందో లేదో చూడాలంటే ఒక పళ్లెం ఫ్రిజ్‌లో, ఒకటి బయట పెట్టి వారం తర్వాత రెండూ బయటే ఉంచండి.

మిగిలిన గింజలను కాగితం పొట్లాల్లో కట్టి, మొక్క నంబరు, ఏ రకం పరీక్ష, సంచి కట్టిన తేదీ, కోసిన తేదీ పొట్లం మీదే రాయండి. వలిసె పొట్లాలను వచ్చే ఆగస్టు దాకా పొడి డబ్బాలో దాచి, వేరే మొక్క పుప్పొడితో పుట్టిన గింజలను ఒక వరస, తనలో తాను కట్టిన ఒకటి రెండు గింజలను పక్క వరస విత్తండి. రెండు వరసల మొక్కలు ఎత్తులో, పూత తేదీలో ఎంత తేడాగా ఉన్నాయో అదే నోటుబుక్కులో రాసుకోండి.